యెరూషలేము ఎంత దూరము?



మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినవనిన మన ప్రాంతపు బాటలకు నిద్ర యుండదు. శివరాత్రికి యాగంటికి పోవువారు కొందరు, మహానందికి పోవువారు కొందరు. ఆ వెనుక ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము తిరునాళ్లకు పోవువారు. ఉగాది దగ్గరపడినప్పుడు కన్నడ దేశమునుండి శ్రీశైలమునకు కాలినడకను వచ్చువారు. ఎడ్లబండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినవి, వాటి వెంట ఆటోలు వచ్చినవి గాని, సద్దిమూట కట్టుకొని ఇల్లు విడిచి పోవు ఆ వాడుక మాత్రము పోలేదు. మన సంఘములలోని పిల్లలు వాకిట నిలిచి వారిని చూచుచుందురు. వారిలో ఎవరో ఒకరు తల్లిని అడుగుదురు: "మనం యాడికీ పోమా అమ్మా?"

ఇది పిల్లలడుగు ప్రశ్నయే అని నేను చాలకాలము అనుకొంటిని. అయితే అవుకు ప్రాంతములోని ఒక సంఘమునకు ఆరాధన జరిపించుటకు పోయినప్పుడు అరువది యేండ్లు దాటిన ఒక సంఘపెద్ద అదే ప్రశ్న నన్ను అడిగెను. ఆయన పేరు ఇక్కడ వ్రాయను. బ్రతుకంతయు నాపరాతి గనులలో పనిచేసినవాడు. బండను చేతితో తట్టి, అది పగులునో నిలుచునో చెప్పగలవాడు. అందరును వెళ్లిన తరువాత నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, సచ్చేలోగా ఒక్కసారి యెరూషలేం పోవల్లని ఉండాది. యోర్దాను నీళ్లల్లో మునగల్ల. ఆ సమాధి రాయిమీద చెయ్యి పెట్టి సూడల్ల. పోతే తప్పా? పోకుంటే తక్కువా?" అనెను.

విచారింపగా సంగతి యిది. ఆయనయొద్ద కొంత సొమ్ము కూడినది. చాలని దానిని వడ్డీకి ఇచ్చుటకు ఒకడు సిద్ధముగా నున్నాడు. ఆయన తమ్ముడు మాత్రము, ప్రార్థనాలయపు కప్పు వానకు కారుచుండగా ఈ ప్రయాణమేమి అని మండిపడుచున్నాడు. అన్నదమ్ములిద్దరును ఒకే బల్లమీద కూర్చుండి ఆరాధనచేయుదురు గాని, ఆ నెలలో ఒకరితోనొకరు మాటలాడలేదు. నేను వెంటనే సరియైన జవాబు చెప్పలేకపోతిని. "ప్రార్థన చేయుదము" అని తప్పించుకొంటిని. ఏమియు తోచనప్పుడు బోధకులమైన మేము చెప్పు మాట అదే గదా! ఇంటికి వచ్చి, సంఘ చరిత్రలో మనకంటె ముందు ఈ ప్రశ్న నడిగినవారు ఎవరెవరని వెదకితిని. దొరికినదానిని మీయెదుట ఉంచుచున్నాను.

మొదటి మూడు శతాబ్దములలో క్రైస్తవులు గుంపులుగా యాత్రలకు పోయినట్లు అంతగా కనబడదు. పోవుటకు పట్టణమే పాడైయుండెను. రోమీయులు 70వ సంవత్సరములో యెరూషలేము దేవాలయమును కాల్చిరి. తరువాత 135లో యూదుల రెండవ తిరుగుబాటు అణగినప్పుడు ఆ పట్టణమునకు పేరుకూడ మార్చివేసిరి. నాలుగవ శతాబ్దములో కొన్‌స్టంటైను చక్రవర్తి క్రైస్తవులను ఆదరించిన తరువాతనే బాట తెరువబడెను. ఆయన తల్లి హెలేనా ముసలితనములో, సుమారు 326లో, ఆ దేశమునకు పోయెను. గొల్గొతా యొద్ద కట్టిన గొప్ప దేవాలయము 335లో ప్రతిష్ఠింపబడెను. అంతకు రెండేండ్లు ముందుగా, 333లో, నేటి ఫ్రాన్సు దేశములోని బోర్దో పట్టణమునుండి ఒకడు పోయి, దారిలో ఏ యూరికి ఏ యూరు ఎంత దూరమో, ఎక్కడ గుఱ్ఱములు మార్చవలెనో వ్రాసి పెట్టెను. ఆయన పేరుకూడ మనకు మిగులలేదు, మైళ్ల లెక్క మిగిలినది.

అయితే నాకు అందరికంటె ప్రియమైనది ఎగేరియా అను స్త్రీ. ఈమె నాలుగవ శతాబ్దపు చివరి భాగములో పడమటి దేశమునుండి బయలుదేరి సీనాయి కొండ ఎక్కెను, నెబో కొండ ఎక్కెను, యెరూషలేములో చాలకాలముండెను. తన దేశములోని సహోదరీలకు ఉత్తరము వ్రాసినది. ఆ యుత్తరములో కొంత భాగము ఇప్పటికిని ఉన్నది. అది చదువుచుండగా ఒక వాడుక మరల మరల కనబడును. ఏ స్థలమునకు చేరినను ఆమెయు తోడివారును మొదట ప్రార్థించిరి. తరువాత ఆ స్థలమునుగూర్చి పరిశుద్ధ గ్రంథములో నున్న భాగమును అక్కడనే తెరచి చదివిరి. ఒక కీర్తన పాడి మరల ప్రార్థించి, అప్పుడు కదలిరి. ఆమె అక్కడనుండి మన్ను తెచ్చినదా, రాయి తెచ్చినదా అని నేను వెదకలేదు. గ్రంథమును ఆ గాలిలో తెరచినది, అదే నాకు చాలును. ఈ వాడుకను జ్ఞాపకముంచుకొనుడి, దీని పని ముందున్నది.

అదే కాలములో వద్దన్నవారును ఉండిరి. వారు యాత్ర ఎరుగనివారు కారు, అదియే వింత. నిస్సా పట్టణపు బిషప్పు గ్రెగొరీ సంఘకార్యముమీద యెరూషలేమునకు పోయివచ్చినవాడు. అచ్చటి మనుష్యుల కలహములను, దుర్మార్గములను కన్నులార చూచి, స్థలము మార్చినంతమాత్రమున దేవుడు మనిషికి దగ్గరగా రాడని ఒక ఉత్తరములో గట్టిగా వ్రాసెను. పరిశుద్ధ గ్రంథమును లాటిను భాషలోనికి తెచ్చిన జెరోము 386లో బేత్లెహేములో కాపురము పెట్టి, 420లో చనిపోవువరకు అక్కడనే యుండెను. అట్టివాడే తన స్నేహితుడైన పౌలీనుకు వ్రాయుచు, నీవు రాకపోయినంతమాత్రమున నీ విశ్వాసమునకు లోటేమియు లేదు, పరలోకపు వాకిలి యెరూషలేమునకును బ్రిటను దీవికిని ఒకే దూరమున నున్నది అను భావముతో చెప్పెను. ఆ యుత్తరములోనే హిలారియోను అను సన్న్యాసి సంగతి యొకటి యున్నది. ఆయన పాలస్తీనాలోనే పుట్టి పెరిగినవాడు. జీవితములో ఒక్క దినము మాత్రమే యెరూషలేమును చూచెనట. అసలే చూడకుండినయెడల దగ్గరనుండియు పరిశుద్ధ స్థలములను తృణీకరించినట్లగును, ఎక్కువ చూచినయెడల దేవుని ఒక చోట కట్టివేసినట్లగును అని ఆయన తలంపు.

చదువరీ, ఆ ఒక్క దినమునుగూర్చి నేను చాల ఆలోచించితిని. మనలో రెండు విధములవారు ఉన్నారు. మన్ను మొక్కుటకు పోవువారు ఒకరు, అది మన్నే గదా అని నవ్వువారు మరియొకరు. హిలారియోను ఈ రెంటిలో దేనికిని చేరడు.

మన ప్రభువుకూడ ఈ రెండు సంగతులను చేసెనని మీరెరుగుదురు. పండ్రెండేండ్ల బాలుడైయున్నప్పుడు ఆయన తలిదండ్రులతో పస్కాపండుగకు కాలినడకను పోయెను. గుంపులో బంధువులు, పొరుగువారు ఎందరుండిరనగా, ఒక దినమంత నడచినదాక పిల్లవాడు లేడని తల్లికే తెలియలేదు. మన తిరునాళ్ల గుంపులను చూచినవారికి ఈ సంగతి బోధింపనక్కరలేదు. ఆ నడకలో పాడుటకే కీర్తనల గ్రంథములో 120 మొదలు 134 వరకు యాత్రకీర్తనలు ఉన్నవి. ఆ ప్రభువే తరువాత సమరయ స్త్రీతో బావియొద్ద కూర్చుండి, ఈ కొండయా ఆ పట్టణమా అను తగవునే కొట్టివేసెను. ఆయన నడచెను, నడకను దేవుడుగా చేయనియ్యలేదు.

సంఘము ఈ రెండవ మాట మరచిన దినములలో ఏమి జరిగెనో చరిత్ర దాచలేదు. 1095లో పోపు రెండవ అర్బను క్లెర్మోను పట్టణములో పిలుపునిచ్చెను. 1099లో శిలువగుర్తు కుట్టుకొన్నవారు యెరూషలేమును పట్టుకొని ముసల్మానులను, యూదులను చంపిరి. సమాధానకర్తయైనవాని సమాధికొరకు ఆ వీధులలో రక్తము పారినది. దీనిని మెత్తగా చెప్పు ఉపాయము నాకు తెలియదు. నేటికిని ఆ దేవాలయపు తలుపు తాళపుచెవి క్రైస్తవుల చేతిలో లేదు. అక్కడి క్రైస్తవ శాఖలు తమలో తాము పోట్లాడుకొనుచున్నందున, రెండు ముసల్మాను కుటుంబములవారు శతాబ్దములుగా తాళపుచెవిని, తలుపును చూచుకొనుచున్నారు. ప్రతి దినము తలుపు తెరచుచున్న ఆ పొరుగువారినిబట్టి మనము సిగ్గుపడవలెను, కృతజ్ఞులమై కూడ యుండవలెను.

మన సంఘపెద్ద చెయ్యి పెట్టవలెననిన ఆ రాయిని గూర్చియు చెప్పవలెను. ఆయన రాతిపనివాడు గనుక రాయి వివరమే ముందు అడుగును. యెరూషలేము కట్టడములకు వాడు రాయియు మన నాపరాయియు సున్నపురాతి జాతివే. ప్రభువును ఉంచినదని చెప్పబడు సమాధి కొండలో తొలిచినది. 1009లో హాకిము అను ఖలీఫా ఆజ్ఞచేత ఆ దేవాలయము పడగొట్టబడి, రాతి సమాధియు చాలవరకు నాశనమయ్యెను. మిగిలిన రాతిపడకను తరువాతివారు పాలరాతి పలకతో కప్పిరి. ఇప్పుడున్న పలకను 1555లో అమర్చిరని చెప్పుదురు. 2016 అక్టోబరులో బాగుచేయు పనికొరకు ఆ పలకను ఎత్తినప్పుడు, క్రింద మొదటి సున్నపురాయి కొద్ది దినములు బయటపడెను. పండితులు పరీక్షించి మరల మూసివేసిరి. కాబట్టి యాత్రికుడు లక్షలు ఖర్చుపెట్టి పోయినను, ఆయన చెయ్యి తగులునది పాలరాతికే. నేను ఈ మాట పెద్దాయనతో చెప్పినప్పుడు ఆయన కొంతసేపు ఊరకుండి, "పైన పరిచిన బండే గదా, కింద ఉండేది అదేనంట గదా" అనెను. రాతిపనివానికి నేనేమి బదులు చెప్పగలను?

మన దేశములోనికి వత్తము. తోమా అపొస్తలుడు మైలాపూరులో హతసాక్షియాయెనని దక్షిణ దేశపు సంఘములు తరతరములుగా చెప్పుకొనుచున్నవి. పదమూడవ శతాబ్దపు చివర ఈ తీరమునకు వచ్చిన మార్కోపోలో, క్రైస్తవులును ముసల్మానులును ఆ స్థలమునకు యాత్ర పోవుదురనియు, అక్కడి యెఱ్ఱమన్ను నీళ్లలో కలిపి జ్వరము వచ్చినవారికి త్రాగింతురనియు వ్రాసెను. మన తెలుగు నాటిలో రోమను కతోలికులకు బెజవాడ గుణదల కొండ యున్నది. 1924లో అర్లాటి అను గురువు అక్కడ మరియమ్మ స్వరూపమును ఉంచినది మొదలు ఫిబ్రవరి మాసములో జనము విస్తారముగా పోవుచున్నారు. మెదకు దేవాలయమును ఎందరో చూచియుందురు. పాస్నెట్టు దొర కరవు దినములలో ప్రజలకు పని కల్పించి కట్టించినదని పేరుగన్నది. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ దినమున ప్రతిష్ఠించిరి. 175 అడుగుల గోపురము! దాని క్రింద నిలిచినవారు మొదట పైకి చూతురు. ఆ రాళ్లు మోసినవారి ఆకలిని గూర్చి తలంచువారు తక్కువ.

ఇక నేను చెప్పదలచిన కొండయొద్దకు వచ్చితిని. అది గొప్ప కొండ కాదు. ఒంగోలు పట్టణములో ఉన్నది. బాప్తిస్టు సంఘములవారు దానిని ప్రార్థన కొండ అందురు. మన శాఖ వేరైనను సంగతి మనదే.

అమెరికా దేశపు బాప్తిస్టువారు 1835లో తెలుగువారికొరకు సామ్యుయేలు డే అను దొరను పంపిరి. 1840లో ఆయన నెల్లూరులో స్థిరపడెను. ఏండ్లు గడచినను పంట లేదు. పంపినవారు విసిగిరి. ఈ పని మూసివేయుదమా అని వారి సభలలో ఒకసారి కాదు, అనేక పర్యాయములు చర్చ జరిగెను. 1853లో ఆల్బనీ సభలో, పటముమీద బర్మాకు ఇవతల నెల్లూరొక్కటే గుర్తుగా నుండుట చూచి ఒకరు దానిని ఒంటి నక్షత్రము అనిరి. ఆ పేరే నిలిచిపోయెను. పని మూయలేదు గాని ఆశకూడ అంతగా లేదు. ఇక్కడి లైమను జ్యూవెట్టు దొరకు ఆ దినములలో చూపుటకేమియు లేదు, చెప్పుటకు సంఖ్య లేదు.

1854 జనవరి 1వ తేది, తెల్లవారకముందు, అయిదుగురు ఆ కొండ ఎక్కిరి. జ్యూవెట్టు దొర, దొరసాని, క్రైస్తవ నర్సు అను తెలుగు సహోదరుడు, జూలియా, రూతు అను స్త్రీలు. అంతే. కొండ క్రింద చీకటిలో గ్రామములు. వారు పాడిరి, గ్రంథము చదివిరి, ఒకరి తరువాత ఒకరు మోకరించి ఈ ప్రాంతమునకు ఒక పనివానిని పంపుమని అడిగిరి. దిగివచ్చునప్పుడు జ్యూవెట్టు దొర ఒక చోటు చూపి, అక్కడ మిషను బంగళా ఉండవలెనని ఆశపడెను. ఎగేరియా చేసిన వాడుకయే ఇది, చూచితిరా? అయితే ఆమె జరిగిపోయిన దేవుని కార్యముల స్థలములో నిలిచి చదివెను. వీరు ఇంకను ఏమియు జరుగని స్థలములో నిలిచి చదివిరి.

మరుసటి యేట ఎవరును రాలేదు. ఆ మరుసటి యేటను రాలేదు. జాను క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టుటకు 1866 వచ్చినది. పండ్రెండేండ్లు! జనవరి పంటకు జూనులో విత్తు లెక్క చూచుకొను రైతుకు పండ్రెండేండ్లనగా ఏమో మీకు తెలియును. ఆ యేడే తాళ్లకొండపాడు వాడైన యెఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ సహోదరుడు ఈ మార్గములోనికి వచ్చెను. సత్యమును వెదకుచు అంతకుముందు యోగమార్గములో చాల దూరము నడచినవాడు. తోళ్ల వ్యాపారముమీద ఊరూరు తిరిగినవాడు గనుక ఆయన తన జనులకు ఈ మార్గమును తానే తీసికొనిపోయెను. దొరలు కట్టిన చరిత్రలో ఈయన పేరు రెండవ చోట నుండును. నా లెక్కలో ముందుండవలెను.

తరువాత 1876 మొదలు 1878 వరకు మహాకరవు. దానిని గూర్చి మన కర్నూలు జిల్లావారికి వేరుగా చెప్పవలెనా? 1871 లెక్కకు 1881 లెక్కకు మధ్య ఆ జిల్లా జనములో సుమారు నాలుగవ వంతు తగ్గిపోయిరి. నల్లరేగడి నేల బీటలు వారినది. గంజికొరకు బయలుదేరినవారు బాటలలోనే పడిపోయిరి. అటు ఒంగోలులో క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని ఇచ్చి కూలి ఇప్పించెను. కూలివారి నడుమ పేరయ్యవంటి బోధకులు ఉండిరి. జనులు బాప్తిస్మము అడిగిరి. క్లౌ దొర ఇయ్యలేదు. కూటికొరకు వచ్చిరను మాట వారిమీద పడకూడదని, కరవు సహాయము సాగినంత కాలము ఎవరికిని ఇయ్యకుండ ఆపెను. సహాయము ముగిసి, ఇక ఇచ్చుటకు గింజ లేనప్పుడు రండనెను.

అప్పుడు వచ్చిరి. 1878 జూలై 3వ తేదిన, ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి, ఉదయము కొంతసేపును సాయంకాలము కొంతసేపును ఇచ్చిరి. ఆ యేడు ముగియకముందే సంఖ్య 9,606 ఆయెను. వారిలో చాలమంది ఊరి బావియొద్దకు రానియ్యబడనివారు. ఏటినీళ్లలో నిలిచి, పేరుపెట్టి పిలువబడిరి.

ఇక్కడ నేను పెద్దాయనతో చెప్పిన మాట మీతోను చెప్పుచున్నాను. గుండ్లకమ్మ ఎక్కడ పుట్టినది? మన నల్లమలలోనే, గుండ్ల బ్రహ్మేశ్వరముదగ్గర. అది కొండలు దిగి, కంభము చెరువు నింపి, తూర్పునకు పోయి ఆ జనులను తడిపినది. మన కొండలమీద కురిసిన వాననీరు వారి బాప్తిస్మపు నీరైనది. దీనినిబట్టి ఆ యేరు యోర్దానుతో సమానమని నేను అనుట లేదు, యేరు యేరే. అయితే యోర్దానును తలంచినప్పుడు మన కన్నులు చెమ్మగిల్లును. గుండ్లకమ్మ వంతెనమీద బస్సు పోవునప్పుడు మనము కునుకుచుందుము. ఎందుకు? ఒక దాని కథ మనకు చదివి వినిపించిరి. రెండవదాని కథ ఎవరును వినిపించలేదు.

నంద్యాల ప్రాంతపు సంఘములకును తమదైన కథ యున్నది. 1850ల నడిమి కాలములో ఎస్.పి.జి. మిషనుకు చెందిన జాను క్లే దొర ఇప్పటి చాగలమఱ్ఱి మండలములోని ముత్యాలపాడులో నివాసముండి, మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను తిరిగెను. ఆ వెనుక ఈ సంఘములు చాలకాలము దోర్నకలు బిషప్పు అజరయ్యగారి పాలనలో ఉండినవి. 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకింపబడిన ఆయన, ఆంగ్లికను సంఘములో ఆ పనికి వచ్చిన మొదటి భారతీయుడు. దోర్నకలులో ఆయన కట్టించిన దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. అందులో మన గుడుల స్తంభములవంటి స్తంభములును, మసీదు గుమ్మటములవంటి గుమ్మటములును ఉన్నవి. విశ్వాసము పరదేశపు చొక్కా తొడుగుకొని నిలువనక్కరలేదని ఆయన రాతిలో చెప్పించెను. 1945 జనవరి 1న చనిపోయి దోర్నకలులోనే సమాధిచేయబడెను. మన తాతలలో ఆయన చేతులమీదుగా స్థిరీకరణ పొందినవారు ఉండిరి. ఆ సమాధిని చూచినవారు మీ సంఘములో ఎందరున్నారు?

సొమ్ము సంగతి దాటిపోరాదు. యెరూషలేము యాత్రకు మన రాష్ట్ర ప్రభుత్వము సహాయము చేసినది. 2019 నవంబరులో, యేటికి 3 లక్షల రూపాయలలోపు ఆదాయముగలవారికి ఇచ్చునది 40,000 నుండి 60,000 రూపాయలకును, అంతకు మించినవారికి 20,000 నుండి 30,000 కును పెంచెను. ఇట్టి యేర్పాటులు ప్రభుత్వములతో మారుచుండును గనుక, పోదలచువారు కార్యాలయములో అడిగి తెలిసికొనుట మేలు. సహాయము పోను మిగిలినదానికే చాలమంది అప్పుచేయుదురు. అప్పుచేసి పోయినవారిని నేనెరుగుదును. పరిశుద్ధ దేశమునుండి సీసాలో నీళ్లు తెచ్చిరి, వడ్డీకి ఎద్దులను అమ్మిరి. పోయివచ్చినందుకు తమ పేరు ముందు బిరుదు తగిలించుకొని, సంఘములో ముందుబల్లకు జరిగినవారినికూడ ఎరుగుదును. అట్లు కాక, పోయివచ్చి ఇరువదియేండ్లైనను సువార్తలో గలిలయ సముద్రము పేరు రాగానే గొంతు పట్టుకొనిపోవు ఒక వృద్ధ ఉపాధ్యాయినినికూడ ఎరుగుదును. ఆమె ఆ పాఠము చెప్పినప్పుడు పిల్లలకు అలలు వినబడెడివి. ఆమె ప్రయాణము వ్యర్థమని ఎవడైన అనినయెడల నేను ఒప్పుకొనను. 2023 అక్టోబరులో ఆ దేశమున యుద్ధము చెలరేగినప్పుడు యాత్రలు ఆగిపోయినవి. ఆ యేడు బేత్లెహేములో క్రిస్మస్ వేడుకలను మానివేసిరి. యాత్రికులు రాలేని ఆ దినములలోను అక్కడి క్రైస్తవులు, సంఖ్యలో కొద్దిమందియైనను, తమ దేవాలయములలో ఆరాధించుచునే యుండిరి. యెరూషలేమును ప్రేమింతుమనువారు, చూడవలెనని కోరునప్పుడు, అక్కడ నివసించువారికొరకు ఎన్నిమార్లు ప్రార్థించిరి?

ఇదంతయు నేను పెద్దాయనకు రెండు పర్యాయములు పోయి చెప్పితిని. మొదటి పర్యాయము ఆయన తమ్ముడు వాకిట నిలిచి విని వెళ్లిపోయెను. పోవలదని నేను చెప్పలేదు, చెప్పుటకు నాకు అధికారము లేదు. వడ్డీ సొమ్ముతో మాత్రము పోవలదంటిని. అప్పులేక పోగలిగిన దినమున పొమ్మంటిని, గ్రంథమును చంక నుంచుకొని పొమ్మంటిని. అంతవరకు, నంద్యాలనుండి గిద్దలూరు మీదుగా ఒంగోలుకు ఒక్క దినపు ప్రయాణము. తెల్లవారకముందు ఆ కొండ ఎక్కి, ఆ అయిదుగురు చేసినట్లు చేసి, వెల్లంపల్లికి పోయి అపొస్తలుల కార్యములు తెరచి చదువుటకు వడ్డీవ్యాపారితో పనిలేదంటిని. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆ కొండది ఏ రాయి అని అడిగెను. నాకు తెలియదంటిని.

నెల గడచిన తరువాత ఆదివారమున మరల ఆ సంఘమునకు పోతిని. వడ్డీ సొమ్ము తీసికొనలేదని ఆయన భార్య నాతో మెల్లగా చెప్పెను. కూడిన సొమ్ములో కొంత కప్పుకు ఇచ్చెనట, కొంత అట్లే ఉంచెనట. యెరూషలేము మాట ఆయన విడువలేదు. పాసుపోర్టుకు కాగితములు పెట్టెననికూడ తెలిసెను. ఆరాధన తరువాత నన్ను బయటికి పిలిచి అడిగెను:

"గుండ్లకమ్మలో జనవరి నెల నీళ్లుంటాయా అయ్యగారూ?"

ఉండవచ్చునంటిని.

"మా తమ్ముడూ వస్తాననె. వానికి మోకాళ్ల నొప్పులు, కొండ యెక్కల్లంటే నిదానంగా యెక్కల్ల. నంద్యాలలో ఒంగోలు బస్సు ఎన్ని గంటలకు?"